నేలమాళిగలో గడియారం

పెద్ద లాండ్రీ. పైన అద్దాల కౌంటరు, దొంగ నవ్వులు. కింద నేలమాళిగలో ఆవిరి, ఇస్త్రీ బల్లలు, ఆడవాళ్లు. పొద్దున్నే గేటు దగ్గర ఫోన్లు లాక్కుంటారు. కింద టైము చెప్పేది గోడ గడియారం ఒక్కటే. సాయంత్రం అది అయిదున్నర చూపిస్తేనే మెట్లెక్కనిస్తారు.

ఆ పిల్లకి పదిహేడేళ్లు. పిన్ని ఇంట్లో ఉంటుంది, పిన్ని పక్క బల్ల మీదే ఇస్త్రీ చేస్తుంది. సూపర్‌వైజరు పిన్ని మొగుడే. పని ఇప్పించింది ఆయనే, ఆ మాట రోజూ వినిపించేదీ ఆయనే.

ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి ఊరి లైబ్రరీ గదిలో ఓ మాస్టారు సాపేక్ష సిద్ధాంతం చెబుతాడు. ఎవరైనా రావచ్చట. ఉత్త మాట. ఆరు కాగానే మాస్టారు గడియ పెట్టేస్తాడు. ఆ పిల్ల ప్రతిసారీ గడియ పడ్డాకే చేరుతుంది, కిటికీ బయట నిలబడి వింటుంది. మూడో వారం ఒళ్లు మండి తలుపు బాదింది.

"ఏంటి నీ గోల?" అన్నాడు మాస్టారు.

"మేం నేల కింద పనిచేస్తాం సార్. కిందున్న గడియారం నెమ్మదిగా నడుస్తుందని మీరే అన్నారుగా. సాయంత్రం ఫోను చేతికొచ్చాక చూస్తే మాది పది నిమిషాలు వెనక."

గదంతా గొల్లున నవ్వింది. మాస్టారు నవ్వలేదు. అది ఇంకా ఘోరం.

"లోతుని గురుత్వ త్వరణంతో హెచ్చవేసి, కాంతి వేగంతో రెండుసార్లు భాగించు. వచ్చే శనివారం ఆరులోపు ఆ లెక్కతో రా. లేకపోతే ఈ ఛాయలకే రాకు."

తలుపు మొహం మీదే పడింది.

చొక్కా మడతల్లో పెట్టే అట్టల మీద లెక్క మొదలుపెట్టింది. మొదట కాంతి వేగంతో ఒక్కసారే భాగించి, కాస్త పెద్ద సంఖ్య వచ్చిందని సంబరపడింది. రెండోసారి భాగించేసరికి అట్ట నిండా సున్నాలే.

"అన్నం మానేసి ఆ సున్నాలు తిను," అంది పిన్ని.

ఆ లెక్కన, విశ్వం పుట్టినప్పటి నుంచీ ఆ గడియారం అక్కడే వేలాడుతున్నా, పది నిమిషాల్లో సగం కూడా తేడా రాదు. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ తర్వాత వెలిగింది. ప్రకృతి చేయని పని ఎవడో చేస్తున్నాడు.

శనివారం భోజనాలయ్యాక బాబాయి ఎప్పటిలాగే గడియారం బ్యాటరీ చూస్తానంటూ స్టూలెక్కాడు. ఈసారి ఆ పిల్ల ఆయన బొటనవేలినే చూసింది. పొద్దున్న ఆయనే సరిచేసిన ముల్లుని అది పది నిమిషాలు వెనక్కి తోసింది.

సాయంత్రం గడియారం అయిదూ ఇరవై చూపిస్తుండగా స్టూలు లాక్కుని ఎక్కింది. ముల్లుని అయిదున్నరకి తిప్పింది.

"ఏయ్, దిగు! నీ అబ్బ సొమ్మా అది?"

"గడియారం మీ సొమ్మే బాబాయ్. పది నిమిషాలు మావి."

"బ్యాటరీ వీకు, తెలుసా నీకు?"

"వీకైతే రోజూ సరిగ్గా పదే పోతాయా? ఒక్కరోజన్నా పదకొండు పోవేం?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి మొహం కందగడ్డయింది.

"నా కంచంలో తింటూ నన్నే అంటావా? ఇవాళ ఇంట్లో అడుగుపెట్టు, చెప్తా."

పిన్ని ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసింది. "కంచం సంగతి నువ్వు మాట్లాడకు. వండేది నేను."

"నువ్వు కూడా దీని వైపేనా?"

"దీని వైపేం కాదు. నువ్వు నొక్కేసిన పది నిమిషాలూ నా నడుం మీద పడ్డాయి. ఇంటికొచ్చి పట్టావా ఏనాడైనా?"

ఇంకో ప్లగ్గు ఊడింది. ఇంకోటి. ఆవిరి ఆగింది. ఆడవాళ్లు మెట్లెక్కుతుంటే బాబాయి ఒక్కొక్కరినీ బెదిరించాడు, ఆఖరికి బతిమాలాడు. ఒక్కరూ తిరిగి చూడలేదు.

ఆ పిల్ల పరుగున లైబ్రరీకి చేరింది. తలుపు ఇంకా తెరిచే ఉంది.

"లెక్క?" అన్నాడు మాస్టారు.

అట్ట చేతిలో పెట్టింది. "అన్నీ సున్నాలే సార్. మా పది నిమిషాలు భూమి లాక్కోలేదు. మా బాబాయి లాక్కున్నాడు."

మాస్టారు అట్టని ఎగాదిగా చూశాడు. తప్పు దొరకలేదు. దొరకనందుకు మూతి ముడిచాడు.

"ఇంకా ఆరు కాలేదు. బయట నిలబడు."

"నిలబడను. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను."

ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లి, ముందు వరసలో కూర్చుంది.