పగడపు మూత

ఆరో పార బొగ్గు పొయ్యిలోకి విసిరి గొంబొసురెన్ కుడి డొక్క పట్టుకుని నిలబడ్డాడు. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో, కొండవాలు బడిలో, బాయిలరు గదిలో, ఇరవై ఆరేళ్ల నౌకరీ. మసి పట్టిన చేతులకు ఇప్పుడు పసుపు ఛాయ వచ్చింది. పాదాల వాపుకు బూట్ల తాళ్లు కట్టడం మానేశాడు. నొప్పి ఓర్చుకోగలడు. ఓర్చుకోలేనిది గుండెదడ. ఏమీ జరగకుండానే ఏదో జరగబోతోందని పొద్దున్నే కాళ్లూ చేతులూ వణుకుతాయి. ఎవరికి చెప్పాలో తెలియక మనుషుల్నే తప్పించుకు తిరుగుతున్నాడు, పాపం.

కొత్త సంవత్సరపు తెల్లనెల పండగనాడు ఆ భయమే కొంప ముంచింది. పలకరింపుగా ముక్కుపొడుం బుడ్డి అందించేటప్పుడు మూత కాస్త వదులు చేసి ఇవ్వాలి. బిగించి ఇస్తే నీతో నాకు పొత్తు లేదన్నట్టే. తన కాలేయం జబ్బు అంటుకుంటుందని హడలిపోయి, గొంబొసురెన్ షరావ్‌కి తన బుడ్డి పగడపు మూత బిగించే ఇచ్చాడు. ముప్పై ఏళ్లనాటి స్నేహితుడి మొహం మాడిపోయింది. మూడు వారాలుగా షరావ్ బాయిలరు గదివైపు తొంగి చూడలేదు.

మధ్యాహ్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది.

"నిద్ర పడుతోందా, బాబాయ్?"

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"లేదమ్మా. భయం. నా జబ్బు ఎవరికైనా అంటిస్తానేమోనని. పొడుం బుడ్డి కూడా బిగించే ఇస్తున్నా."

"అయ్యో, మీకెవరు చెప్పారు? ఇది రక్తంతో అంటేది, పొడుంతోనూ టీతోనూ కాదు. ఈ దడకీ దిగులుకీ కూడా మందుంది, రాస్తాను. ముందు ఎవరి దగ్గరైనా నోరు విప్పండి."

ఆస్పత్రి నుంచి గొంబొసురెన్ నేరుగా వెళ్లేసరికి షరావ్ తన వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. తల ఎత్తలేదు.

"దొరగారు దారి తప్పారా? ఈసారి బుడ్డికి తాళం కూడా వేసి తెచ్చావా?"

"కాలేయం పాడైందిరా. నీకంటుకుంటుందని బిగించా. చచ్చేంత భయమేస్తోందిరా, షరావ్. రోజూ."

గొడ్డలి దుంగలోనే ఉండిపోయింది.

"ఓరి పిచ్చి సన్నాసీ! ఈ ముక్క అప్పుడే ఏడవచ్చుగా!"

షరావ్ తాను తాగుతున్న ఉప్పు టీ గిన్నె అతని చేతిలో పెట్టాడు. గొంబొసురెన్ అందులోనే తాగాడు. తాగుతూ వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏడువు, ఏడువు. టీలో ఎలాగూ ఉప్పు చాల్లేదు," అన్నాడు షరావ్.

ఆ సాయంత్రం బాయిలరు గదికి ఇద్దరూ కలిసే వెళ్లారు. షరావ్ బొగ్గు విసిరాడు, గొంబొసురెన్ కబుర్లు చెప్పాడు. ఆపైన రోజూ అంతే. దడ పూర్తిగా పోలేదు గానీ, వచ్చినప్పుడు చెప్పుకోవడానికి మనిషి దొరికాడు.

నదిలో మంచు విరిగే రోజుల్లో, ఒక ఉదయం, బాయిలరు గదిలో షరావ్ టీ కాస్తుండగా గొంబొసురెన్ కుర్చీలోనే కన్నుమూశాడు.

కిటికీ గట్టు మీద, షరావ్ కూర్చునే వైపు, గొంబొసురెన్ పొడుం బుడ్డి ఉంది. పగడపు మూత వదులు చేసి ఉంది.