మూడు గదుల పాయింట్లు

మిర్యాలగూడలో రైసు మిల్లున్న అన్నదమ్ముల్లో గిరిధర్ చిన్నవాడు. వడ్లు కొనడం, ఆడించడం అన్న సత్యనారాయణ చూసుకునేవాడు. ఆ బియ్యాన్ని హైదరాబాదులోనో, చెన్నైలోనో, బెంగళూరులోనో అమ్ముకురావడం గిరిధర్ పని. నెలకు పది రోజులు ఊళ్ళ మీదే గడిచిపోయేవి. ఎక్కడికి పోయినా ఒకే కంపెనీ హోటల్లో దిగేవాడు. ఆ హోటళ్ళవాళ్ళు బస చేసిన ప్రతి రోజుకూ కొన్ని పాయింట్లు ఇచ్చేవాళ్ళు. అవి పోగైతే వాటితోనే ఇంకోసారి గది తీసుకోవచ్చు, డబ్బు కట్టక్కరలేదు.

గిరిధర్‌కు పిల్లలు లేరు. ఇల్లు ఒకటే, కింద అన్న కుటుంబం, పైన గిరిధర్, భావన. భావన కాపురానికి వచ్చేనాటికి అన్న కూతురు ప్రత్యూషకు రెండేళ్ళు. ఆ పిల్ల అన్నం తినేది కింద, నిద్రపోయేది పైన. బడిలో పేరు రాసేటప్పుడు టీచరు అమ్మ పేరేమిటని అడిగితే ఏ అమ్మ అని అడిగిందట. ఆ మాట చెప్పుకుని దుర్గమ్మ వదిన చాలా ఏళ్ళు నవ్వింది.

బాబాయి ఊరి నుంచి వచ్చాడంటే ప్రత్యూష ముందు సంచీ వెతికేది. హోటల్లో ఇచ్చే వేలెడంత సబ్బులు, షాంపూ సీసాలు ఆ పిల్లకే. వాటిని కిటికీలో వరసగా పేర్చి, ఏది ఏ ఊరిదో చెప్పించుకునేది. ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు అడిగింది, సముద్రం పక్కన కూడా హోటల్ ఉంటుందా అని. విశాఖపట్నంలో ఉందని, కిటికీ తీస్తే నీళ్ళేనని గిరిధర్ చెప్పాడు.

"నన్ను తీస్కపోవా బాబాయ్?"

"నీ పెండ్లి కానీ బిడ్డా. నిన్నూ మీ ఆయన్నూ మూడు రోజులు ఆ గదిలో ఉంచుతా. పైసా కట్టేది లేదు, నా పాయింట్లతోనే."

ప్రత్యూష పెద్దదై, చదువై, ఆ మాట మర్చిపోయింది. గిరిధర్ మర్చిపోలేదు. ఎంత అవసరమొచ్చినా ఆ పాయింట్ల జోలికి పోలేదు. ఒకసారి హైదరాబాదులో భావనకు ఆపరేషన్ అయినప్పుడు కూడా డబ్బు కట్టే గది తీసుకున్నాడు.

కోదాడ సంబంధం కుదిరింది. వాళ్ళదీ ధాన్యం వ్యాపారమే. పెళ్ళికొడుకు శ్రీకర్ నెమ్మదస్తుడు. రెండు ఊళ్ళవాళ్ళకూ అనువుగా ఉంటుందని సూర్యాపేటలో ఫంక్షన్ హాల్ మాట్లాడారు. మగపెళ్ళివారికి పద్నాలుగు గదులు కావాలి. హైవే పక్కన గిరిధర్ దిగే కంపెనీవాళ్ళే కొత్త హోటల్ కట్టారు కనుక, గదుల సంగతి నువ్వే చూసుకో అని సత్యనారాయణ తమ్ముడికి అప్పజెప్పాడు.

హోటల్ మేనేజరు లక్ష్మణ్‌ది పాలకీడు. తండ్రి బీరప్ప ఇప్పటికీ గొర్రెలు కాస్తాడని దాచకుండా చెప్పే మనిషి. పద్నాలుగు గదులకూ పాయింట్లు పడితే మొక్కు తీరిపోతుందని ఆశపడ్డ గిరిధర్‌కు అతను నిబంధన విడమరిచి చెప్పాడు. ఒక మనిషి ఎన్ని గదులు తీసుకున్నా మూడింటికే పాయింట్లు. ఆ మూడింటిలో ఒక దాంట్లో ఆ మనిషి స్వయంగా ఉండాలి, బిల్లు అతని పేరనే కట్టాలి. మిగతా పదకొండు గదులకూ ఏమీ రాదు.

గిరిధర్ అక్కడే ఫోను తీసి లెక్క చూసుకున్నాడు. మూడు గదులకు రెండు రోజులవి కలిస్తే విశాఖపట్నం గదికి సరిగ్గా సరిపోతాయి. అయితే ఆ రెండు రోజులూ తాను ఇంటివాళ్ళతో ఫంక్షన్ హాల్లో కాకుండా మగపెళ్ళివారితో హోటల్లో పడుకోవాలి. పాయింట్లు ఎవరి కోసమో లక్ష్మణ్‌కు చెప్పి, సరేనన్నాడు.

ఇంటికొచ్చి భావనకు మాత్రం చెప్పాడు. అన్నకు ఒక్క మాట చెప్పి ఉంచమంది ఆమె. అన్నకు చెబితే వదినకు తెలుస్తుందని, వదినకు తెలిస్తే పొద్దు గూకేలోపు పెళ్ళికూతురికి తెలుస్తుందని, ఇక సంబరమేముంటుందని గిరిధర్ కొట్టిపారేశాడు.

పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం కోదాడ బస్సు వచ్చింది. గిరిధర్ హోటల్ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ తాళంచెవి అందించి, ముసలివాళ్ళను చెయ్యి పట్టి లిఫ్టు ఎక్కించాడు. అంతా అయ్యాక తన గదికి వెళ్ళి చూస్తే అది గది కాదు, హాలంత ఉంది. బల్ల మీద పండ్ల బుట్ట, దానికి తన పేరు రాసిన కార్డు. పాత ఖాతాదారులకు ఖాళీ ఉంటే పెద్ద గది ఇవ్వడం అక్కడ రివాజు. ఆ సంగతి గిరిధర్‌కు తట్టలేదు, లక్ష్మణ్ చెప్పలేదు.

పెళ్ళికొడుకు మేనమామ శంకరయ్య వేణ్నీళ్ళు రావడం లేదని చెప్పడానికి అప్పుడే ఆ గది తలుపు దాకా వచ్చాడు. లోపలికి తొంగి చూశాడు.

"మా బావగారికి ఇరుకు గది ఇచ్చి, పెళ్ళికూతురి బాబాయిగారు మేడలో దిగారన్నమాట," అన్నాడు నవ్వుతూనే.

గిరిధర్ వెంటనే, ఈ గది వియ్యంకుడి గారికే అంటూ తన సంచీ తీసేశాడు. మీరు దిగి విడిచిన గది మాకెందుకులెండి అని శంకరయ్య వెనక్కి తిరిగాడు. ఆ సాయంత్రం గిరిధర్ స్వయంగా వెళ్ళి బతిమాలినా వియ్యంకుడు గది మారలేదు. పెద్దమనిషి కనుక ఫరవాలేదండీ అన్నాడు గాని, ముఖంలో ఫరవా ఉంది.

మర్నాడు పది నలభైకి ముహూర్తం. తాళి కట్టేటప్పుడు గిరిధర్ అక్షింతలు వేసి కళ్ళు తుడుచుకున్నాడు. అంతవరకూ బాగానే జరిగింది. భోజనాల దగ్గర శంకరయ్య సత్యనారాయణ పక్కన కూర్చున్నాడు. హోటల్ సంగతులన్నీ తెలిసిన కుర్రాడెవడో తమ బస్సులో ఉన్నాడని, వాడు చెప్పాడని మొదలుపెట్టాడు. పద్నాలుగు గదుల పాయింట్లూ తమ్ముడిగారి ఖాతాలోనే పడతాయట, ఏడాదంతా ఆయన ఊరికే తిరిగి రావచ్చట.

"మేం పెళ్ళికి వచ్చామా, ఆయన పాయింట్లకు వచ్చామా అని మావాళ్ళు నవ్వుకుంటున్నారండీ," అన్నాడు.

సత్యనారాయణ మూడు రోజులుగా సరిగ్గా కూర్చోలేదు, తినలేదు. ఎవరి ముందూ తలవంచిన మనిషి కాదు. విస్తరి ముందు నుంచి లేచి, పెళ్ళికూతురు చీర మార్చుకుని కూర్చున్న గది బయట తమ్ముణ్ణి పట్టుకున్నాడు. తలుపు తెరిచే ఉంది. లోపల ప్రత్యూష, దుర్గమ్మ, భావన, మరో నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు.

"ఇంటిల్లిపాది గీడ నేలమీద పండుకుంటే నువ్వు పోయి ఏసీ గదిల పండుకున్నవ్. పోనీలే అనుకున్న. పాయింట్ల కోసమని ఇప్పుడు తెలిసింది. నా బిడ్డ పెండ్లిని గూడ బేరం చేసినవ్ గదరా."

"అన్నా, జర నా మాట ఇను. అన్ని గదులకు..."

"ఏం ఇనాలె? పిల్లలు లేనోనికి ఏం తెలుస్తది, బిడ్డ పెండ్లంటే ఏందో."

భావన చేతిలో ఉన్న పూలదండ పక్కనున్న కుర్చీలో పెట్టింది. గిరిధర్‌కు చెప్పడానికి చాలా ఉంది. మూడు గదులకే వస్తాయని, అవి ఎవరి కోసమో, ఎన్నేళ్ళ నుంచి దాచాడో చెప్పవచ్చు. చెబితే అన్న అక్కడికక్కడే కూలబడేవాడు కూడా. కాని తాను ప్రేమతో దాచినదాన్ని తప్పించుకోవడానికి బయటపెట్టినట్టు అవుతుంది. అందుకని నోరు విప్పకుండా ప్రత్యూష వంక చూశాడు. ఎవరెన్ని అన్నా, ఆ పిల్ల ఒక్కమాట అంటుంది; మా బాబాయి అట్లాంటోడు కాదు నాన్నా అంటుంది. అది చాలు.

ప్రత్యూష తల వంచుకుని గాజులు సర్దుకుంటోంది. కాసేపటికి, తల ఎత్తకుండానే, "ముందుగాల్నే చెప్పి ఉంటే అయిపోతుండె గద బాబాయ్," అంది.

అప్పగింతల్లో తల్లిదండ్రుల తర్వాత బాబాయి, పిన్ని కూర్చోవాలని అంతకుముందే అనుకున్నారు. పాలగిన్నె చుట్టూ అందరూ కూర్చున్నారు. వీళ్ళిద్దరినీ ఎవరూ పిలవలేదు. వద్దని కాదు, ఆ గడబిడలో ఎవరికీ గుర్తులేదు. గిరిధర్ కారు దగ్గర నిలబడి, బిడ్డ పాలలో ముంచిన చెయ్యి ఒక్కొక్కరి చేతిలోకి మారడం దూరం నుంచి చూశాడు.

తిరుగు ప్రయాణంలో భావన ఏడవలేదు. ఇంటికొచ్చి, పట్టుచీర మడతపెట్టి బీరువాలో పెట్టి, అప్పుడు ఏడ్చింది.

వారానికి పాయింట్లు పడ్డాయి. గిరిధర్ రెండు రోజులు ఆలోచించి, ప్రత్యూష, శ్రీకర్‌ల పేర విశాఖపట్నంలో మూడు రోజులకు గది తీసుకున్నాడు. ఆ కాగితం ఫోనులో పంపి, కింద రాశాడు: చిన్నప్పుడు నీకు మాట ఇచ్చిన, పోయి రాండ్రి బిడ్డా. మర్నాటి సాయంత్రానికి జవాబు వచ్చింది. "థాంక్స్ బాబాయ్. అత్తయ్యవాళ్ళు వద్దంటున్నారు. మళ్ళీ మాట వస్తుందని. క్యాన్సిల్ చేసెయ్యండి."

గిరిధర్ ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ పిల్ల తనను మీరు అన్నది లేదు. భావనకు చూపించాడు. అత్తగారింట్లో అందరినీ అండీ అని పిలుస్తూ ఉంటే చేతికి అదే వచ్చి ఉంటుందిలే అంది భావన. ఆమె నమ్మిందో లేదో తెలియదు. గిరిధర్ గది రద్దు చేశాడు. పాయింట్లు మళ్ళీ ఖాతాలోకి వచ్చాయి.

పెళ్ళైన రెండు నెలలకు ఒక పొద్దున సత్యనారాయణ మెట్లెక్కి పైకి వచ్చాడు. మునగాల దాబాలో లక్ష్మణ్ కలిశాడట. పెళ్ళికూతురి తండ్రని గుర్తుపట్టి పలకరించి, మాటల్లో అంతా చెప్పేశాడట. సత్యనారాయణ కుర్చీలో కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు.

"మూడిటికేనంట గద," అన్నాడు చివరికి.

"మూడైనా పద్నాలుగైనా ఒకటే అన్నా. నాకు తాకింది అది కాదు."

"నాకు ఎరుకే." సత్యనారాయణ ఖాళీ గ్లాసు ముందుకు జరిపాడు. "ఆ మాట నా నోట్లకు ఎట్లొచ్చిందో నాకే తెల్వదు తమ్ముడా."

గిరిధర్ అన్నకు ఇంకా నీళ్ళు పోశాడు. ఇద్దరూ మళ్ళీ మిల్లుకు కలిసే పోవడం మొదలుపెట్టారు. అన్నను క్షమించడం గిరిధర్‌కు అంత కష్టం కాలేదు. అన్న కోపం చిన్నప్పటి నుంచీ తెలిసిందే.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడళ్ళు పుట్టింట ఉండే నెల. ప్రత్యూష మిర్యాలగూడ వచ్చింది. వచ్చిన రోజే పైకి ఎక్కుతుందని భావన సకినాలు చేసి ఉంచింది. ప్రత్యూష మూడో రోజు వచ్చింది, స్వీటు డబ్బా పట్టుకుని, వాళ్ళమ్మతో కలిసి. సోఫా అంచున కూర్చుంది. మీ ఆరోగ్యం ఎట్లుంది బాబాయ్ అని అడిగింది. ఎదురుగా కూర్చునే మీ అంది కనుక, చేతి అలవాటుతో ఫోనులో అలా వచ్చిందని సర్దిచెప్పుకోవడానికి ఇక వీల్లేకపోయింది.

నెలంతా కింద ఆ పిల్ల గొంతు వినిపిస్తూనే ఉంది, నవ్వు, స్నానాల గదిలో పాట. పైకి మాత్రం రాలేదు. కోపమైతే గిరిధర్ తానే దిగిపోయి బుజ్జగించేవాడు. కోపం కాదని అతనికి తెలుస్తూనే ఉంది. సంగతంతా తండ్రి చెప్పాక ఆ పిల్లకు ఈ ఇంట్లో ముఖం చెల్లడం లేదు. మెట్ల దగ్గర ఎదురుపడితే కళ్ళు నేల మీదికి పోయేవి.

శ్రావణం వచ్చిన మొదటి ఆదివారం శ్రీకర్ కారు తీసుకుని వచ్చాడు. భోజనాలయ్యాక ప్రత్యూష ఒక్కతే పైకి వచ్చింది. పోయొస్తానని చెప్పి, పిన్ని కాళ్ళకూ బాబాయి కాళ్ళకూ దండం పెట్టింది. లేచి, తలుపు దాకా పోయి, ఆగింది.

"ఆ రోజు, అది నాకోసమేనని ఎందుకు చెప్పలేదు మీరు?"

"చెప్తే ఏమవుతుండె?"

"నాన్నతోని నేను మాట్లాడుతుంటి."

గిరిధర్ ఊరుకుని ఉండవలసింది. ఆరు నెలలు లోపల దాచుకున్నది ఇంకో అరవై ఏళ్ళు దాచుకోవలసింది.

"చెప్పకున్నా మాట్లాడతవనుకున్న బిడ్డా," అన్నాడు.

ప్రత్యూష ముఖం తెల్లబోయింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

భావన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "ఆ మాట అనకుండ ఉంటే ఏం పోతుండె?" అంది మెల్లగా. "ఇంతకాలం ఆ నొప్పి మీ ఒక్కరికే ఉండె. ఇప్పుడు దానికి గూడ ఇచ్చి పంపిన్రు."

నిజమేననిపించింది గిరిధర్‌కు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు. వెనక్కి పిలవాలి, తల నిమరాలి, ఉత్తగనే అన్న బిడ్డా, మర్చిపో అని చెప్పాలి. గేటు దాకా వచ్చేసరికి కారు సందు చివర మలుపు తిరుగుతోంది. వెనక అద్దంలోంచి ఎర్రచీర కొంగు మాత్రం కనిపించింది.

గేటు దగ్గర సత్యనారాయణ ఒక్కడే ఉన్నాడు. తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డా తల తిప్పలేదు.

"ఏడ్చుకుంట పోయింది," అన్నాడు సత్యనారాయణ. "పుట్టిల్లు ఇడిసిపోతున్నందుకేమో."

"అంతే కావచ్చన్నా," అన్నాడు గిరిధర్.