సిపాయి నవల ఆఖరి పేజీలు

మాణిక్యప్పకు ఒక్క దురలవాటూ లేదు. భార్య బసమ్మ ఫిర్యాదంతా అదే. తాగడు, పేకాట ఆడడు, కనీసం హోటల్ కాడ కూర్చుని నలుగురి మీద నాలుగు మాటలైనా అనడు. అట్లా మిగిలిన పొద్దంతా తీసుకుపోయి నారాయణఖేడ్ గ్రంథాలయ కమిటీకి ధారపోశాడు. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ అంగట్లో ఎద్దు నోరు తెరిచి పండ్లు చూసినట్టు విప్పి విప్పి చూస్తాడు. అట్లా చూస్తుంటేనే యుద్ధం నవల సంగతి బయటపడింది. ఆఖరి పేజీలు లేవు. ఎవరో బ్లేడుతో నున్నగా కోశారు.

"ఆడోళ్లకు ఇండ్లకు పుస్తకాలిస్తే గిట్లనే ఐతది," అన్నాడు పళ్లెం ముందు కూర్చుని. "వారోత్సవాల సభల చెప్పేస్త. ఇగ నవలలు ఇంటికిచ్చేది బంద్. చదివేటోళ్లు ఆడికే వచ్చి చదువుకోవాలె."

"మగోళ్ల నడుమ కూసోవాల్నా?"

"వద్దన్నదెవరు?"

బసమ్మ ఇంకో రొట్టె వేసింది. నోరు నిండుగా ఉంటే తీర్మానాలు తగ్గుతాయని ఆమె ఆశ. తగ్గలేదు.

ఆ పేజీలు ఎవరు కోశారో ఆమెకు తెలుసు. మధ్యాహ్నం మగవాళ్లు పనులకు పోయాక కుబ్రా బీ వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు చేరతారు. ఎవరి చేట వాళ్లది. వాళ్లు కందులు చెరుగుతుంటే బసమ్మ నవల పైకి చదువుతుంది. బీయే చేసినందుకు ఆ ఊళ్లో ఆమెకు దొరికిన ఉద్యోగం అదొక్కటే. ఎవరి వాకిట్లో చదువు మొదలైతే, పూర్తయ్యేదాకా పుస్తకం ఆ ఇంట్లోనే ఉండాలని వాళ్ల కట్టడి. ఈసారి సిపాయి కథ కావాలన్నది కుబ్రా బీయే. కొడుకు జమాల్ మిలిటరీలో ఉన్నాడు మరి. తీరా కథ సగానికొచ్చేసరికి జమాల్ పటాలాన్ని శ్రీలంక పోరుకు పంపారు. అది ఎనభై ఏడో సంవత్సరం. జాబులు ఆగిపోయాయి. కోడలు రహమత్‌బీ నిండు చూలాలు.

"ఆఖరుకు గా సిపాయి బతుకుతడా, బసమ్మా?" అని కుబ్రా బీ ఒకనాడు చాటుకు పిలిచి అడిగింది. బసమ్మ అంతా ముందే చదివేసింది. తల అడ్డంగా ఊపింది. మరునాటికి ఆ పేజీలు కుబ్రా బీ పెట్టెలో బట్టల కిందికి చేరాయి.

"పిల్ల కాన్పయ్యేదాక ఆగు. ఎన్కకు నేనే అతికిచ్చి ఇస్త. నీ మొగనికి చెప్పకు."

రాసినాయన అక్కడికే ఆపాడని చెప్పి బసమ్మ చదువు ముగించింది, గడువు రాగానే పుస్తకం లైబ్రరీకి పోయింది. ఇప్పుడు భర్తకు నిజం చెప్తే, ఎందుకు కోసిందని అడుగుతాడు. ఆ జవాబు ఊరంతా తిరిగి రహమత్‌బీ చెవిన పడుతుంది. చెప్పకపోతే వాకిట్లో చదువుకు అదే ఆఖరు. రెండింట్లో ఏది మింగాలో బసమ్మకు తోచలేదు.

సభనాడు బెంచీలన్నీ మగవాళ్లవి. ఆడవాళ్లకు గుమ్మం పక్కన జంపఖానా. "సిపాయిల ముచ్చట చెప్తరట, నేనూ వస్త," అని ఎవరు వద్దన్నా వినకుండా రహమత్‌బీ వచ్చి ముందర కూర్చుంది. పక్కన కుబ్రా బీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

మొదట మాణిక్యప్ప ఊరి చదువుల చరిత్ర చెప్పాడు. రేకుల కింద రెండు పేపర్లతో లైబ్రరీ మొదలైన సంగతి, హోటల్లో ఒకడు పేపరు చదువుతుంటే అరవై చెవులు చాయ్ అడగకుండా విన్న సంగతి, ఆ హోటలాయన ఏడుపు. అంతా నవ్వారు. "ఆడోళ్లకే మన తాన చదువు మీద సోయి లేదు, ధ్యాస లేదు," అన్నాడు చివర్న. "నవలల పేజీలు చింపుతున్నరు. సభ అయినంక కమిటీ తీర్మానం చదువుత."

జంపఖానా మీద ఎవరో దగ్గారు.

తర్వాత కాలేజీ లెక్చరర్ షఫీయుద్దీన్ యుద్ధ నవలల మీద మాట్లాడ్డానికి లేచాడు. మొదలుపెట్టడమే ఆ నవలతో మొదలుపెట్టాడు. బాగా చెప్తున్నాడు, అదే వచ్చిన తంటా. ఒక్కో మాట ఆ సిపాయిని ఆఖరి గుట్ట దిక్కు నడిపిస్తోంది. మాటకు అడ్డం పడుతుందని బసమ్మ చాయ్ ముందే తెప్పించి మేజా మీద పెట్టించింది. ఆయన రెండు గుక్కల్లో తాగేసి, "ఇగ ఆఖరు ఘట్టం చదివి వినిపిస్త," అని పుస్తకం తిప్పాడు. అట్ట తగిలింది.

"గదే సార్, చింపిండ్రంటి గద," అన్నాడు మాణిక్యప్ప.

"ఫరవాలేదు. నాకు యాదున్నది, చెప్త."

"వద్దు సార్!"

అందరి తలలూ తిరిగాయి. తాను నిలబడి ఉన్నానని బసమ్మకు అప్పుడే తెలిసింది.

"ఎందుకొద్దు?" మాణిక్యప్ప గొంతు గట్టిపడింది. "చింపిందెవరో నీకు ఎరుకనా ఏంది?"

కుబ్రా బీ వేళ్లు జంపఖానా అంచును నలుపుతున్నాయి.

"నేనే కోసిన," అంది బసమ్మ.

కమిటీ పెద్ద పెళ్లామే దొంగ అయ్యేసరికి మాణిక్యప్ప మైకు ముందు నిలబడి తీర్మానం కాగితాన్ని తిరగేసి చూశాడు.

"ఊకో, బసమ్మక్కా," అంటూ రహమత్‌బీ కుబ్రా బీ భుజం పట్టుకుని బరువుగా లేచింది. "సిపాయి సస్తడు. నాకెరుకే. ఏ పుస్తకమైనా ముందు ఆఖరు సూసినంకనే మొదలు వెడ్త నేను. గిది ఇంటికొచ్చిన నాడే సూసిన."

"మరి రాసినాయన గాడికే ఆపిండని నేనంటే తల ఊపితివి!" అంది బసమ్మ.

"ఎట్ల జేయాలె? అమ్మీ భయపడుతుండె. ఆమెకు తెల్వొద్దని నేను, నాకు తెల్వొద్దని ఆమె." అత్త దిక్కు చూసి కొంచెం నవ్వింది. ఆ నవ్వు నిలబడలేదు.

కుబ్రా బీ కొంగు నోట్లో కుక్కుకుంది. "పేజీలు నా పెట్టెల ఉన్నయి," అంది తీసి. "నన్ను ఏమన్న అనుండ్రి. బసమ్మను అనకుండ్రి."

మాణిక్యప్ప తీర్మానం కాగితం మేజా మీద పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"సార్, ఒక్క మాట," అంది రహమత్‌బీ. "మీరు పుస్తకాలు బంద్ జేస్తే, పగటి పూట మా ఇంట్ల రేడియో ఒక్కటే ఉంటది. అది లంక ఖబర్ తప్ప ఏం చెప్తలేదు. నవలల సిపాయి సచ్చినా పుస్తకం మూసి లేస్తిమి. రేడియో ముంగట కూసుంటే లేవొస్తలేదు."

షఫీయుద్దీన్ తల దించుకున్నాడు. మాణిక్యప్ప భార్యను చూశాడు. ఆమె ఏ సాయమూ చేయలేదు. కళ్లు తిప్పుకోనూ లేదు. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. భార్య దిక్కు తిరిగి మెల్లగానే అన్నాడు గానీ మైకు అతని ముందే ఉంది, బయట రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినపడింది.

"చదువు మీద సోయి లేదంటి. నేను తప్పు మాట్లాడిన."