కోడలు రాయని పేరు

మా అత్‌బాషీ లోయలో నా మాట ఎవరూ నమ్మరు. అందుకు కావలసినంత సామగ్రి నేనే సమకూర్చాను లెండి. ఏరు దాటుతుంటే పాల ట్యాంకరు మూత ఊడిందనీ, ఒక చేప పాలన్నీ తాగేసిందనీ, మర్నాడు దాన్ని పట్టి కోస్తే కడుపులో గుండ్రంగా వెన్నముద్ద దొరికిందనీ పాలకేంద్రం పెద్దలకే చెప్పినవాణ్ణి. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ కేంద్రం లారీయే నడుపుతున్నాను. నా పేరు మామ్బెత్. ‘అబద్ధాల మామ్బెత్ ఇల్లెక్కడ’ అంటే పాలు తాగే పిల్లలు కూడా చూపిస్తారు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నిజం. మీరు నమ్మకపోయినా నాకు నష్టం లేదు. నమ్మాల్సిన మనిషే నమ్మలేదు, ఇక ఎవరు నమ్మితే ఏం?

మా కేంద్రంలో రెండు కంప్యూటరు ప్రోగ్రాములు ఉండేవి. ఒకటి లెక్కలది. ఎవరి దగ్గర పాలు కొన్నాం, గోదాములో చీజ్ ఎంత ఉంది, ఎవరికెంత ఇవ్వాలి, అన్నీ దాని పొట్టలో ఉండేవి. రెండోది ముందుచూపుది. రాజధాని బిష్కెక్ దుకాణాలకు వచ్చేవారం ఎంత చీజ్ కావాలో, దానికి ఎన్ని పాలు కావాలో, ఏ లారీ ఏ బీడుకు పోవాలో అది చెప్పేది. ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని తోడికోడళ్లలా ఉండేవి ఆ రెండూ. వాటి మధ్య కబుర్లు మోసేది జిపార్. దీంట్లోవి చూసి దాంట్లోకి, దాంట్లోవి చూసి దీంట్లోకి టైపు చేయడమే ఆమె ఉద్యోగం. లారీలను పంపేదీ ఆమే.

జిపార్ మా కుబాత్ భార్య. కుబాత్ నా పక్క లారీ నడిపేవాడు, కనుమలో మంచు విరిగి మీదపడి పోయాడు. పిల్లల్లేరు. అందరూ పుట్టింటికి వెళ్లిపోతుందనుకున్నారు. ఆమె మామగారి ఇంట్లోనే ఉండిపోయింది. ఆ మామగారు షర్షెన్. వేసవి వస్తే ఆవుల్ని తోలుకుని ఏటి అవతల కోక్-బెల్ బీడుకు పోయి ఒంటరిగా గుడారం వేసుకునేవాడు. అక్కడ ఫోను పలకదు. రోజూ పాల కోసం నా లారీ వెళ్లేది. సంత జరిగే ఆదివారం జిపార్ ఒక మూట పంపేది. రొట్టెలు, టీపొడి, ఉతికిన చొక్కా. తిరుగు ప్రయాణంలో ముసలాయన ఎండబెట్టిన పెరుగుండలు సంచిలో కట్టి ఇచ్చేవాడు.

“ఇంత గట్టివి తింటే నీ కోడలి పళ్లు ఊడతాయి షర్షెన్.”

“దాని నాలుక కంటే గట్టివేం కావులే, తీసుకుపో.”

మాలో కోడళ్లు అత్తింటి పెద్దల పేర్లు పలకరు. పలికిందంటే ఆ గడపతో తెగిపోయినట్టే. మామగారిని ‘అతా’ అంటారు, అంటే నాన్నా అని; నాబోటి పెద్దవాళ్లను ‘బైకే’ అంటారు, అంటే అన్నా అని. ఈ కాలం పిల్లలు కొందరు మరిచారు గానీ జిపార్ మరవలేదు. నోటితో పలకదు సరే, చేత్తో కూడా రాయదు. ముందుచూపు ప్రోగ్రాములో పాల మజిలీలన్నీ ఎక్కించింది ఆమే. అన్నింటికీ అసలు పేర్లే, ఒక్క దానికి మాత్రం ‘మా పెద్దాయన గుడారం’. అదెవరో మాకందరికీ తెలుసు. లెక్కల ప్రోగ్రాములో మాత్రం రాయ్‌కాన్ అనే లెక్కలావిడ ఎప్పుడో షర్షెన్ అని ఎక్కించి పెట్టింది.

ఆ ఏడు మంచు కరిగాక తలాస్ నుంచి జిపార్ అక్క ఒక సంబంధం తెచ్చింది. భార్య పోయినవాడు, చిక్కుడు పొలాలున్నవాడు. లోయంతా అదే మాట. షర్షెన్ బీడుకు బయల్దేరే రోజు గుడారం కర్రలు నేనే లారీకి ఎక్కిస్తున్నాను. ముసలాయన కోడల్ని పిలిచాడు.

“ఇట్రా తల్లీ. మీ అక్క మాట నా చెవిన పడింది.”

“నా చెవిన పడలేదు అతా. నాకు చెవుడు.”

“పరాచికాలొద్దు. నీ వయసెంతని? పోవాలనిపిస్తే పో. నేను శాపం పెట్టను. కానీ నా ఎదుటికొచ్చి చెప్పకు, తండ్రినే కదా, తట్టుకోలేను. లారీల్ని పంపేది నువ్వే కదా. నా గుడారానికి లారీ పంపడం మానెయ్. నాకు తెలిసిపోతుంది.”

“లారీ రాకపోతే మామ్బెత్ బైకే ఎక్కడో తాగి పడ్డాడనుకోండి. నేను పోయాననుకోకండి.”

“వాడు తాగినా వస్తాడు. నువ్వు పంపితే వస్తాడు.”

“నా ఎదుటే నన్ను తిడతారేంటి ఇద్దరూ?” అన్నాను కర్రలు దించి. ముగ్గురం నవ్వాం. అంత నవ్వు మళ్లీ మా మధ్య పుట్టలేదు.

ఎండలు ముదిరాక బిష్కెక్ నుంచి ఎర్మెక్ అనే కుర్రాడు వచ్చాడు, ఆ రెండు ప్రోగ్రాముల్నీ కలపడానికి. ఇక మధ్యలో మనిషి టైపు చేసే పని ఉండదట. మంచివాడే.

“ఏం బాబూ, పెళ్లి చేయడానికొచ్చావా? పెళ్లికొడుకెవరు?” అన్నాను.

“అది తెలీదు గానీ బైకే, పెళ్లికూతురు మాత్రం లెక్కలదే. అది ఒప్పుకోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.”

ఇందులోని పేరూ అందులోని పేరూ జతపడితేనే పని నడుస్తుంది. చాలావాటిని యంత్రమే జతచేసింది. చివరికి ఒకటి మిగిలింది. నేనప్పుడు అక్కడ లేను. ఉంటే ఆ పేరు గాడిదలా అరిచి చెప్పేవాణ్ణి. తర్వాత వాళ్లిద్దరూ చెప్పగా విన్నాను.

“అక్కా, ‘మా పెద్దాయన గుడారం’ అని ఉంది. లెక్కల్లో ఈయనెవరు?”

“మా ఇంటి పెద్దాయన.”

“అదే, పేరేంటి?”

“ఆయనే. ఏటి అవతల ఉంటారు.”

“లెక్కల్లో ఏరూ కొండా ఉండవు అక్కా, పేర్లే ఉంటాయి. ఈ గడిలో పేరు కొట్టు, అయిపోద్ది.”

“నేను కొట్టను. రాయ్‌కాన్ అక్క కొడుతుంది.”

“కంప్యూటర్లో కొడితే మీ మామగారికి కొండమీద వినబడుద్దా?”

“ఆయనకి వినబడదు. నాకు వినబడుద్ది.”

కుర్రాడు నవ్వి, ఆ గడిని రాయ్‌కాన్‌కు పంపేశాడు. ఆవిడ నారిన్‌లో చుట్టాల పెళ్లిలో ఉంది. తిరిగొచ్చి చూసేసరికి తెర మీద అంతా పచ్చరంగు, అంటే అన్నీ సక్రమం. తన ఇంటి సంగతి జిపారే చూసుకుని ఉంటుందనుకుంది. జిపారేమో రాయ్‌కాన్ పూర్తి చేసిందనుకుంది. జతపడని మజిలీని యంత్రం తప్పుగా చూపదు. అసలు లేనట్టే పక్కన పెడుతుంది. ఎర్మెక్ చేతులు దులుపుకుని బిష్కెక్ వెళ్లిపోయాడు.

సోమవారం నుంచి కొత్త పద్ధతి. ఎవరెక్కడికి పోవాలో యంత్రమే కాగితం ఇచ్చేది, డీజిలు కూడా ఆ దారికి సరిపడా మాత్రమే పోసేవాళ్లు. నన్ను దిగువ ఊళ్లకు వేసింది. పైకి కొత్త లారీని పంపుతున్నారనుకున్నాను, మూతి ముడుచుకున్నాను. కొత్త లారీవాడికి ఇచ్చిన కాగితం ఏటి దగ్గరే ఆగిపోయింది. ఏటి అవతల సంగతి వాడికేం తెలుసు?

ఆదివారం జిపార్ మూటతో వచ్చింది.

“బైకే, ఇదిగో.”

“నాకెందుకమ్మా? పైకి పోయేది కొత్త లారీగా, వాడికియ్యి.”

“వాణ్ణడిగాను. ఏరు దాటేది మీరేనన్నాడు.”

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె మూట అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది. తిరిగొచ్చినప్పుడు పెదాల్లో రక్తం లేదు.

“వారమంతా ఎవరూ పోలేదు బైకే. మా పెద్దాయన ప్లానులోనే లేరు.”

ఆమె నా ముందు ఏడవలేదు. “పోదాం పదండి” అంది అంతే. మా ఇంటి ట్రాక్టరు కోసం దాచుకున్న డీజిలు లారీలో పోసి బయల్దేరాం. దారిలో నేనొక్క కథ కూడా చెప్పలేదు. ఆమె మూటను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మేం ఏటి దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పైన ఎండకు మంచు కరిగి ఆ వేళకు ఏరు పోటెత్తుతుంది. లారీ కాదు, ఏనుగు కూడా దాటలేదు. అవతలి ఒడ్డున రాళ్ల మీద పాల క్యాన్లు వరసగా బోర్లించి ఉన్నాయి. కేంద్రం సొత్తు కేంద్రానికి కడిగి అప్పజెప్పాడు. గుడారం లేదు. దాని చోట గడ్డి గుండ్రంగా పాలిపోయి ఉంది. దూరంగా ఆవులు ముందు నడుస్తుంటే, గుడారాన్ని రెండో గుర్రం మీద కట్టుకుని, షర్షెన్ కనుమ వైపు పోతున్నాడు. కనుమ అవతల ఆయన పెద్ద కొడుకు ఊరు.

“అతా!” అని అరిచింది జిపార్.

ఆయన తిరగలేదు.

“అతా! అతా!”

ఏటి హోరు. విన్నా, అది తనను కాదనుకున్నాడేమో. లారీ రాని వారమంతా ‘నన్ను అతా అనేవాళ్లు ఇక లేరు’ అని తనకు తాను చెప్పుకున్న మనిషి. నేనూ గొంతు చించుకున్నాను, హారన్ కొట్టాను. గుర్రం నడక కూడా తడబడలేదు. మరికాస్త పోతే గుట్ట చాటవుతాడు.

అప్పుడు జిపార్ నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచింది.

“షర్షెన్!”

ఆ గొంతు నాకు తెలియదు. ఆమెకూ తెలిసి ఉండదు. కొండకు తగిలి ఆ పేరు మళ్లీ మా దగ్గరికే వచ్చింది.

ఆయన గుర్రాన్ని ఆపాడు. తిరిగి చూశాడు. అంత దూరం నుంచి మొహం కనబడలేదు గానీ, తల మీది తెల్ల టోపీ తీయడం కనబడింది. దాన్ని గుండెకు అదుముకుని కొంచెం వంగాడు. పరాయి ఇంటి ఆడబిడ్డకు వీడ్కోలు చెప్పేవాళ్లు అలా వంగుతారు. తర్వాత టోపీ పెట్టుకుని గుర్రాన్ని అదిలించాడు.

జిపార్ నీళ్లలోనే కూలబడింది. “విన్నారు బైకే,” అంది. “విన్నారు.”

తెల్లవారి ఏరు తగ్గగానే నేను దాటాను. ఆమె రానంది.

“పేరు పెట్టి పిలిచిన నోరిది. ఏ మొహంతో ఎదురుపడను? మీరు పెద్దవారు, మీరు చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి బైకే.”

కనుమ మొదట్లో షర్షెన్ టీ కాచుకుంటూ దొరికాడు. ఆ వారంలో మనిషి సగమయ్యాడు. నాకూ ఒక గిన్నె పోశాడు. నేను ఊపిరి తీసుకోకుండా చెప్పాను. రెండు ప్రోగ్రాములు, బిష్కెక్ కుర్రాడు, ఖాళీ గడి, పచ్చ తెర, అన్నీ. ఆయన వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టాడు.

“అంటే రెండు యంత్రాలు మాట్లాడుకోవడానికి నా పేరు కావలసొచ్చింది.”

“అవును.”

“నా కోడలు మర్యాదకు పోయి దాన్ని కొట్టలేదు.”

“అవును!”

“అందుకని నా పాలు విరిగాయి.”

“దేవుడి మీద ఒట్టు షర్షెన్!”

“చేప కడుపులో వెన్నకి కూడా దేవుడి మీదే ఒట్టు పెట్టావురా.”

“అది వేరు, ఇది వేరు!”

“పేరు రాయడానికే సిగ్గుపడే పిల్ల, నిన్న లోయంతా మోగేలా పిలిచిందే?”

“నువ్వు వెనక్కి చూడాలని పిలిచింది!”

“చూశాను కదా.” కళ్లు తుడుచుకున్నాడు. అవి నవ్వు నీళ్లే అని నేను చెప్పలేను. “ఎన్నో విన్నాను గానీ మామ్బెత్, ఇంత బాగా అల్లిన కథ చెప్పలేదు నువ్వెప్పుడూ. ముసలాణ్ణి నవ్వించడానికి ఇంత దూరం వచ్చావు చూడు, నీ మేలు మరవను.”

గుర్రం కళ్లెం పట్టుకున్నాను. చిన్నపిల్లాడి చేతిలోంచి కత్తి తీసినట్టు నా వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. పెరుగుండల సంచి నా చేతిలో పెట్టాడు.

“ఇది ఆమెకివ్వు. తలాస్ దూరం. దారిలో చప్పరిస్తుంది. నా ఇంటి నుంచి ఏ భారమూ మోసుకుపోవద్దని చెప్పు.”

వేలమందికి వేల అబద్ధాలు నమ్మకంగా చెప్పినవాణ్ణి, ఒక్క మనిషికి ఒక్క నిజం ఎక్కించలేకపోయాను.

జిపార్ ఆ మాటలు విని, చీకటి పడినా సరే కనుమ దాటి పోదామంది. లారీలో డీజిలు అయిపోవచ్చింది, ఊళ్లో ఎవరిదైనా కారు దొరుకుతుందేమోనని నేను తిరుగుతుండగానే పెద్ద కొడుకు నుంచి ఫోను వచ్చింది. షర్షెన్ ఇల్లు చేరాడట. టీ తాగుతూ నేను చెప్పిన కథ మనవల దాకా అందరికీ చెప్పాడట. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారట. “అది నిజమైతే ఎంత బాగుండేదిరా” అన్నాడట. పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

శోకాల గుడారంలో గోడ వైపు తిరిగి కూర్చున్న ఆడవాళ్లలో పెద్ద కోడలు పక్కకు జరిగి జిపార్‌కు చోటిచ్చింది. జిపార్ అక్కడ ఏడ్చినంత సేపూ అతా అనే ఏడ్చింది. ఆ పేరు మళ్లీ ఆమె నోట నేను వినలేదు.

ఎర్మెక్‌కు సంగతి తెలిసి ఫోనులో బావురుమన్నాడు పాపం. కాస్త తేరుకుని, “ఆ మజిలీ తీసేస్తాను అక్కా, కళ్లముందు ఉండటం ఎందుకు?” అన్నాడు.

“ఉండనీ. ఆ గడి ఇప్పుడు నింపుతాను” అంది ఆమె. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటున్నట్టు కొట్టింది. రాయ్‌కానూ నేనూ వెనక నిలబడి చూశాం. యంత్రం ఒక్క క్షణం ఆలోచించింది, ఒప్పుకుంది.

తలాస్ సంబంధం వాళ్లు చూసి చూసి ఇంకెవరినో చేసుకున్నారు. పెరుగుండల సంచి జిపార్ తెర పక్కన వేలాడుతోంది. ముడి విప్పలేదు.

ఇప్పుడు రెండు ప్రోగ్రాములకూ మంచి స్నేహం. పొద్దున్నే నా కాగితం వస్తుంది. చివరి వరుసలో కోక్-బెల్, షర్షెన్. ఆ దారికి సరిపడా డీజిలు కూడా పోస్తారు. పోకూడదని నాకెవరూ చెప్పలేదు, పోతాను. ఏరు దాటి, పాలిపోయిన గుండ్రం దగ్గర లారీ ఆపి, కాసేపు కూర్చుని వస్తాను. అక్కడ గడ్డి మళ్లీ లేస్తోంది.

సాయంత్రం గేటు దగ్గర జిపార్ నిలబడి ఉంటుంది. ఏమీ అడగదు, నా మొహం వైపు చూస్తుంది అంతే. ఆమె కోసం ఏదైనా కల్పించి చెప్పాలని దారంతా ప్రయత్నిస్తాను. అక్కడ ఒక తెల్ల టోపీ కనబడిందనో, నిన్నే అడిగారనో. గేటు దగ్గరికొచ్చి నోరు తెరుస్తాను. ఒక్క అబద్ధమైనా రాదు.