ఒప్పుకున్నదెవరు?

ఆసుపత్రిలో ఆ గది తలుపు బార్లా తెరిచే ఉంది. మూయాలని ఎవరికీ తోచలేదు. లోపల టైలరమ్మను బల్ల పక్కన నిలబెట్టి బట్టలు తీయమన్నారు. తను ఆడదాన్నని ఆమె చెబితే చాలదట, డాక్టర్లు ఒళ్ళు చూసి సర్టిఫికెట్ ఇస్తేనే గుర్తింపు కార్డట. వైద్యం నేర్చుకునే కుర్రాళ్ళు కూడా చుట్టూ చేరారు. ఒకడు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వాడు. ఊరందరికీ బట్టలు కుట్టే మనిషి అక్కడ రెండు చేతులతో ఒళ్ళు దాచుకుంటూ నిలబడింది. వరండాలోంచి అదంతా చూసిన లీడరక్క కడుపు మండిపోయింది.

లీడరక్క కూడా ట్రాన్స్‌జెండరే. తనవాళ్ళ హక్కుల కోసం రాజధానిలో ఆఫీసుల మెట్లన్నీ ఎక్కి దిగుతుంటుంది. మర్నాటికల్లా ఆసుపత్రి ముందు టెంటు లేచింది. మా ఒళ్ళు మాది అంటూ టైలరమ్మే ముందు వరసలో కూర్చుంది. ఆసుపత్రి ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు పక్కన పడేసి వచ్చారు, విద్యార్థులు వచ్చారు. రోజురోజుకీ జనం పెరిగారు.

అప్పుడు దిగొచ్చాడు మంత్రి. కొత్త చట్టంలో ఈ పరీక్షలుండవు, టెంటు తీసేయండి అన్నాడు. మాట్లాడటానికి లీడరక్కను ఒక్కదాన్నే తన గదికి రమ్మన్నాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, చెల్లెమ్మా అన్నాడు. ఇంట్లోంచి గెంటేసిననాటి నుంచి ఆమెను సొంత అన్న కూడా పలకరించలేదు. ఇంకేముంది, కరిగిపోయింది.

టెంటులో పెద్ద రగడే అయింది. అందరినీ చేరదీసి సాకిన పెద్దమ్మ, చట్టం అయ్యేదాకా ఒక్క గుంజ కూడా పీకొద్దంది. గదిలో ఏం మాట్లాడుకున్నారో మాకేం తెలుసని నిలదీసింది. లీడరక్కకు రోషం పొడుచుకొచ్చింది. నామీద నమ్మకం లేకపోతే చెప్పండి, తప్పుకుంటానంది. దాంతో అందరి నోళ్ళూ మూతపడ్డాయి. టైలరమ్మ లేచి తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పావని విప్పుతున్నానక్కా."

అసెంబ్లీలో బిల్లు పెట్టినరోజు మంత్రి అందరికీ పాసులు పంపాడు. పైన గ్యాలరీలో బుద్ధిగా కూర్చున్నారు. కింద ఆయన చదువుకుపోతున్నాడు. డాక్టర్ల బృందం పరీక్షించి ధ్రువీకరించిన తరువాతే గుర్తింపు, అన్నాడు. లీడరక్క ముందుకు వంగింది. ఆయన తల పైకెత్తి గ్యాలరీ వైపు చెయ్యి చూపించాడు.

"వీళ్ళ నాయకురాలు ఒప్పుకున్నాకే రాసిన చట్టమిది. అదిగో, నా చెల్లెలు అక్కడే ఉంది."

సభ్యులు బల్లలు చరిచారు. తనవాళ్ళంతా ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. నమ్మించి గొంతు కోశాడు దుర్మార్గుడు, ఆ నెత్తుటి చెయ్యి ఆమె బట్టలకే తుడిచాడు. కాదంటే నమ్మేదెవరు? ఆ గదిలో ఆమెతో పాటు ఇంకొక మనిషైనా ఉంటే కదా!

"ఒప్పుకున్నావా?" అంది టైలరమ్మ.

"లేదే. నామీదొట్టు, లేదు."

టైలరమ్మ ఆ మొహంలోకి కాసేపు చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు.

"నీ సంగతి తర్వాత తేల్చుకుంటాం. ముందు వాడి సంగతి చూద్దాం, లే."

గ్యాలరీలో లేచి నిలబడకూడదు, నోరెత్తకూడదు. టైలరమ్మ లేచి నోరెత్తింది. వెనకాలే పెద్దమ్మ, లీడరక్క, మిగతా అందరూ. మా ఒళ్ళు మాదన్న కేకలతో సభ ఆగిపోయింది. మార్షల్స్ జుట్టు పట్టుకుని మెట్ల మీద నుంచి ఈడ్చారు. వ్యాను ఎక్కేటప్పుడు లీడరక్కకు ఎవరూ చెయ్యి అందించలేదు. తనే ఎక్కి ఓ మూల కూర్చుంది.

స్టేషన్లో అందరినీ నేలమీద కూర్చోబెట్టారు. బయట ఆసుపత్రి ఊడ్చేవాళ్ళూ విద్యార్థులూ గుమిగూడుతున్నారు. ఇంతలో ఇన్‌స్పెక్టరు ఫోను పట్టుకుని వచ్చాడు. మంత్రిగారు మాట్లాడతారట, బండి పంపారు, లీడరు ఒక్కామె రావాలి అన్నాడు. లీడరక్క తల ఎత్తింది.

"ఒక్కదాన్ని ఇంకెక్కడికీ రాను," అంది.

టైలరమ్మ చిరిగిన జాకెట్టును చేత్తో పట్టుకుని వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"ఆ బండిలో ఆయన్నే రమ్మనండి సార్. ఇక్కడే, ఈ నేలమీదే కూర్చుని మాట్లాడమనండి. అందరం వింటాం."