గోడకు తెరుచుకున్న కిటికీ

కొలతలమ్మ మాటకు ఆ ఊళ్లో ఎదురు లేదు. ఏ ఇల్లు ఎప్పుడు కట్టారో, ఏ వీధి ముందు పుట్టిందో ఆవిడ చెప్పిందే లెక్క. ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూ, సెలవు దొరికితే చాలు టేపు పట్టుకుని ఊరంతా కొలిచింది. ఇటుక పొడవు, మెట్టు ఎత్తు, గోడ మందం, దేన్నీ వదల్లేదు. ఇటుక కొలతను బట్టి గోడ వయసు చెప్పేసేది. ఆ కొలతలన్నీ కూర్చి పుస్తకం వేసి ఇరవై రెండేళ్లయింది. ఊరి పుట్టుక గురించి ఉన్న పుస్తకం అదొక్కటే కావడంతో తప్పు పట్టేవాళ్లు కూడా లేరు. ఆవిడకు కాస్త గర్వం ఉండేది. ఉండదా మరి, ఊరి వయసు తన చేత్తో రాసిన మనిషికి?

ఒక సోమవారం పొద్దున్నే మరిది ఆ పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు. అతను మున్సిపాలిటీలో ఇంజనీరు. బస్టాండుకు కొత్త రోడ్డు వేస్తున్నామని, అది ఊళ్లో అన్నిటికంటే పాతదని పేరున్న పెద్దమేడను ఆనుకుని వరసగా ఉన్న నాలుగు ఇళ్ల మీదుగా పోతుందని చెప్పాడు. నూరేళ్లు దాటిన కట్టడాన్ని ముట్టుకోకూడదని రూలు. పెద్దమేడ గుమ్మం మీద చెక్కిన సంవత్సరాన్ని బట్టి దానికి నూట ఇరవై ఏళ్లు. వరస ఇళ్లకు మాత్రం కాగితమన్నదే లేదు. శుక్రవారం విచారణ.

"మీ నలభై ఒకటో పేజీ మా పని తేలిక చేసింది వదినా. మేడ కట్టిన చాలా ఏళ్లకు పనివాళ్ల కోసం వేసిన ఇళ్లు అని మీరే రాశారుగా. ఇంక ఆ ఇళ్లవాళ్లు ఎక్కడికెళ్లినా వాళ్ల మాట నిలబడదు."

కొలతలమ్మ సంతోషించింది. దాచడమెందుకు, బాగా సంతోషించింది. ఎప్పుడో రాసిన వాక్యం ఇన్నాళ్లకు ఆఫీసులో పనికొస్తోందంటే ఎవరికి బాగుండదు? మరిదికి రెండోసారి కాఫీ ఇచ్చి పంపింది.

ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చాడు. బడిలో ఆవిడ దగ్గరే గీతలు గీయడం నేర్చుకున్నాడు. పెద్దమేడ గోడకు ఆనుకున్న ఇల్లు అతనిదే. తల్లితో, పెళ్లాం పిల్లలతో వెనక గదిలో ఉంటూ ముందు గదిలో పనిచేసుకుంటాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"టీచర్, మా ఇల్లు కొట్టేస్తారట. మీ పుస్తకంలో ఉందట. మీరు మా ఇంటి లోపలికి ఎప్పుడొచ్చి చూశారు?"

ఆవిడకు ఒళ్లు మండింది. తన దగ్గర ఓనమాలు దిద్దినవాడు తనకే పాఠం చెబుతున్నాడా అనుకుంది. రేపు టేపు తెస్తాననీ, మళ్లీ కొలిచినా అదే తేలుతుందనీ చెప్పి పంపేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కాదు ఆవిడ. కాకపోతే ఆ కాళ్లు లెక్కపెట్టింది తనే కదా అన్న ధీమా.

మర్నాడు వెళ్లింది. వీధిలోంచి గదిలోకి రెండు మెట్లు కిందకి దిగాల్సి వచ్చింది. అక్కడే ఒక్క క్షణం ఆగింది. రోడ్డు వేసినప్పుడల్లా వీధి ఎత్తు పెరుగుతుంది, పాత ఇల్లు పల్లంలో పడిపోతుంది. ఇది ఆవిడే రాసిన సూత్రం. అయినా దాంతో ఏమీ తేలదని సర్దిచెప్పుకుని లోపల అడుగుపెట్టింది. నేలంతా చెక్కపొట్టు. వడ్రంగి తల్లి ఒక మూల కూర్చుని ఆ పొట్టును సంచిలోకి ఎత్తుతోంది. కొలతలమ్మ వీధి గోడ ఇటుక కొలిచి, పుస్తకంలో ఉన్న అంకెతో సరిపోయిందని గొప్పగా చూపించింది.

ఆ గోడ వానకి కూలిపోతే తను పుట్టిన ఏడాది నాన్న మళ్లీ కట్టించాడని వడ్రంగి నెమ్మదిగా చెప్పాడు. మిగతా మూడిళ్లవాళ్లూ అప్పుడే తమ ముందు గోడలు మార్పించారట. ఆవిడకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఇరవై రెండేళ్ల కిందట వీధిలో నిలబడి కొలిచింది ఆ గోడనే.

అతను మేడవైపు గోడలో ఉన్న గూట్లోంచి ఉలులూ సుత్తులూ తీసి కింద పెట్టాడు. గూటి వెనక బిగించిన చెక్కను ఊడదీశాడు. చెక్క వెనక కొయ్య చువ్వలు కనిపించాయి. చువ్వలకు జానెడు దూరంలో ఇటుక గోడ.

"గోడను చూడ్డానికి ఎవరూ కిటికీ పెట్టుకోరు కదా టీచర్."

ఆవిడ టార్చి వేసింది. ఆ ఇటుక పెద్దమేడది. దాని కొలత నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. వడ్రంగి చువ్వల మీద వేలు పెట్టించాడు. గదివైపు నున్నగా ఉన్నాయి, అవతలివైపు వానకూ ఎండకూ తినేసి నారలు తేలాయి. ఎదురుగా గోడ ఉంటే ఇక్కడ చినుకు కూడా పడదన్నాడు. ఇంత గట్టి కొయ్య ఇంతలా అరగాలంటే తక్కువలో తక్కువ నలభై ఏళ్లు ఆరుబయట ఉండాలట. అంటే మేడ లేవకముందు నలభై ఏళ్ల పాటు ఈ కిటికీ ఖాళీ స్థలాన్ని చూస్తూ ఉంది.

ముసలమ్మ సంచి పక్కన పెట్టింది.

"నువ్వొచ్చిన రోజు నాకు గుర్తుందమ్మా. లోపలికి రా అన్నాను. వెలుగు పోతోంది, మేడలో ఎదురుచూస్తున్నారు అన్నావు."

కొలతలమ్మకూ ఆ రోజు గుర్తొచ్చింది. మేడ వరండాలో వేసిన కుర్చీ, వేడి వేడి కాఫీ, మేడాయన చెప్పిన తాతల కబుర్లు. కుర్చీ వేసిన వాళ్ల చరిత్ర రాసి, దానికి ఊరి చరిత్ర అని పేరు పెట్టింది. సిగ్గుతో మొహం వేడెక్కింది. ఆ సిగ్గుతోనే టేపు మళ్లీ విప్పి, రెండు రోజుల్లో నాలుగిళ్లూ లోపలంతా కొలిచింది. నాలుగూ ఒకే ఇటుకతో, ఒకే కప్పు కింద ఒకేసారి కట్టినవని తేలింది.

గురువారం సంగతి తెలిసి మరిది వచ్చి చేతులు పట్టుకున్నంత పని చేశాడు. పాత పుస్తకాన్ని పాతగానే ఉండనివ్వమన్నాడు, పేరు పోతుందన్నాడు. చివరికి అసలు బాధ బయటపెట్టాడు. ఈ ఇళ్లు నిలిస్తే రోడ్డు వెనకవైపు నుంచి పోవాలి, అక్కడ అతను దగ్గరుండి కట్టించిన లారీల షెడ్డు ఉంది.

"దాని వయసు ఆరేళ్లేగా. కావాలంటే నేనే వచ్చి కొలిచిపెడతాను" అంది వదిన.

శుక్రవారం హాలు నిండిపోయింది. విచారణ అధికారి నలభై ఒకటో పేజీ పైకి చదివి, ఇది ఎవరు రాశారని అడిగాడు. కొలతలమ్మ లేచి తనే రాశానంది. అది తప్పని కూడా తనే చెబుతున్నానంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మేడాయన మొహం మాడిపోయింది. ఊరికి మొదటి ఇల్లు తమదేనని వాళ్లింట్లో మూడు తరాలుగా చెప్పుకుంటూ వచ్చారు మరి.

"ఒకసారి తప్పు రాసిన మనిషిని ఇప్పుడెలా నమ్మమంటారు?" అన్నాడు అధికారి.

"నమ్మొద్దు. వచ్చి చూడండి. నేను చెయ్యని పని అదే."

అధికారి ఒక నిమిషం ఆలోచించి, ఫైలు మూసి లేచాడు. హాలుకు హాలే కదిలింది. వడ్రంగి ముందు గదిలో పట్టినంతమంది పట్టారు, మిగతావాళ్లు వీధిలోంచి మెడలు సాచారు. అధికారిది లావు చెయ్యి, చువ్వల మధ్య దూరలేదు. మేడాయన చొక్కా చెయ్యి పైకి మడిచి తన సన్నటి చేతిని లోపలికి పోనిచ్చాడు. అవతలి ఇటుకను చాలాసేపు తడిమాడు. డెబ్బై ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నా తన గోడ వీపును ఆయన ముట్టుకోవడం అదే మొదలు.

"ఇది మా గోడే" అన్నాడు చెయ్యి తీయకుండానే. తర్వాత గొంతు తగ్గింది. "అయితే మా తాతగారు వీళ్ల వెలుగు మూసేసి కట్టారన్నమాట."

ఆయన చెయ్యి బయటికి తీశాడు. వడ్రంగి తల్లి ఆయన మోచేతికి అంటిన దుమ్ము తన కొంగుతో తుడిచింది.

మేడా, వరస ఇళ్లూ, రెండు కట్టడాలూ నూరేళ్లు దాటినవేనని అధికారి అక్కడే నిలబడి రాశాడు. ఇంజనీరు వాచీ చూసుకుని, షెడ్డు ఖాళీ చేయించాలంటూ ఎవరికో ఫోను చేశాడు. కొలతలమ్మ ఫైల్లోంచి తన పుస్తకం అడిగి తీసుకుంది. నలభై ఒకటో పేజీలో ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టింది. ఇంకేమైనా దిద్దాలా అని అధికారి అడిగితే, ఈ పుస్తకంలో నూట అరవై ఇళ్లున్నాయనీ, ఎన్నింటి లోపలికి వెళ్లిందో తన ఒక్కదానికే తెలుసనీ చెప్పింది.

శనివారం పొద్దున్న అరవై ఆరేళ్ల కొలతలమ్మ టేపు భుజాన వేసుకుని, మొదటి పేజీలోని మొదటి ఇంటి తలుపు కొట్టింది. తలుపు తీసిన ఇల్లాలు ఏం కావాలని అడిగింది.

"లోపలికి రావచ్చా అమ్మా?" అంది కొలతలమ్మ.