కూలర్ గాలి

నా నోటికి మా కొత్తగూడల పెద్ద పెద్దోళ్ళే జంకుతరు. గసొంటి నన్ను ఒక్క తిట్టు తిట్టకుంట ఊకుండవెట్టిన పిల్ల ఒకతే ఉన్నది, మానుకోటల మందుల దుకాణం నడిపే ఫరహత్.

నా మనుమరాలు నీలికి రెండు నెలలు. పుట్టుకతోనే గుండెల రంధ్రం ఉన్నది. ఆపరేషన్ చెయ్యాలంటె జర బరువెక్కాలె అన్నరు పెద్ద దవాఖానల. అందాక పొద్దుమాపు మందు తాపాలె. ఆ మందేమో పెద్దోళ్ళు మింగే గోలీలే దొరుకుతయి. పసిగుడ్డుకు గోలీల పావు వంతు గూడ ఎక్కువేనట. అందుకే డాక్టరమ్మ ఫరహత్ దగ్గరికి పొమ్మన్నది. గోలీలు నూరి, కొలిచి, పాకంల కలిపి సీసల పోసిచ్చేది ఆమెనే.

ఆ దినం పొద్దుగాల పాత సీస అయిపోయింది. నా బిడ్డ శశికళను పిల్లకాడ ఉంచి నేనే మానుకోట వచ్చిన. మాపటి మందు యాళ్ళకు ఇల్లు చేరాలె. మందు పడకపోతె నీలికి ఆయాసమొస్తది, పాలు గుంజలేదు. రెండు గంటల బస్సు దప్పితె మా ఊరికి మళ్ళ బస్సు లేదు.

"జర జల్ది కానియ్యి బిడ్డా" అన్న.

"అయితది అవ్వా, కూసో" అన్నది ఫరహత్.

దుకాణం ఎనుక అద్దాల తలుపున్న చిన్న అర్ర. ఫరహత్ మోచేతుల దాక రుద్ది రుద్ది చేతులు కడిగింది. టోపీ, మాస్కు, గ్లౌజులు తొడిగింది. బల్ల తుడిచింది. తుడిచిన బల్లనే మళ్ళ తుడిచింది. కాంటా మీద చిన్న బాటు పెట్టి, తూకం సరిగ్గ చూపిస్తుందా లేదా అని చూసింది. నాకు ఒళ్ళు మండుతున్నది. ఈ సేపుల నేనైతె వంట జేసి, తిని, గిన్నెలు గూడ తోముకుందును.

ఆఖరికి గోలీలు కల్వంల ఏసి నూరింది. ఎండలు మండే దినాలు, ఆ అర్రల ఫ్యాన్ గూడ లేదు. పొడి తూకమేస్తుంటె పిల్ల మొఖం చెమటతోని తడిసి ముద్దయింది. కోపం పోయి పాపమనిపించింది. దుకాణంల పెద్ద కూలర్ తిరుగుతనే ఉన్నది గదా అని, లేసి అద్దాల తలుపు బార్ల తీసిన.

"గాలి రానియ్యి బిడ్డా, ఉడికిపోతున్నవ్" అన్న.

కూలర్ గాలి సక్కగ పోయి కాంటా మీద పడ్డది. తెల్లటి పొడి పొగ లెక్క లేసింది.

ఫరహత్ తలుపు మూసింది. తిడ్తదనుకున్న. తిట్టలే. కాంటా మీది పొడి, కల్వంల పొడి అంత ఒక కవర్ల ఒంపి, మూతి కట్టి, పారేసేటియి ఉన్న డబ్బల ఏసింది.

నేను ఊకుంటనా. "పోయింది చిటికెడు గూడ లేదు. మిగిలిన దాంతోని చెయ్యరాదా? నా బస్సు పోతది" అని లొల్లి పెట్టిన.

"ఎంత పోయిందో నాకు తెల్వదు అవ్వా. గాలికి అండ్ల ఏం దుమ్ము పడ్డదో గూడ తెల్వదు. మళ్ళ చేస్త" అన్నది.

దుకాణంల ఆ గోలీలు అయిపోయినయి. గిరాకిని జర ఆగుమని చెప్పి, ఎండల రోడ్డు దాటి ఇంకో దుకాణంల తెచ్చింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి మాపటి మందు కొంచెం ఆలస్యమైతె ఫరవాలేదా అని అడిగింది. ఫరవాలేదన్నదట. ఆ మాట శశికళకు గూడ ఫోన్ల చెప్పింది.

ఇగ ఈసారన్న ఉరికురికి చేస్తదనుకున్న. బయట గిరాకి కౌంటర్ మీద చేత్తోని కొడుతున్నరు. ఆమె మోచేతుల దాక మళ్ళ కడిగింది. బల్ల మళ్ళ రెండు సార్లు తుడిచింది. కాంటా మీద మళ్ళ బాటు పెట్టి చూసింది. పొడిని మొదలు జరంత పాకంతోని ఉండలు లేకుంట మెత్తగ ముద్ద చేసింది, ఆ తర్వాత మిగిలిన పాకం కొద్ది కొద్దిగ పోసుకుంట కలిపింది. ఒక్క పని ఎగ్గొట్టలే. అద్దంల నుంచి చూసుకుంట కూసున్న. నా బస్సు హారన్ కొట్టుకుంట పోయింది. గమ్మతేందంటె నాకు కోపం రాలే, ఆ చేతుల దిక్కు చూస్తుంటె ధైర్యమొచ్చింది.

సీస చేతికిస్తుంటె అడిగిన. "తలుపు మూసుకోని ఆ మిగిలిన పొడే కలిపిస్తె నాకేమెరుక బిడ్డా? దండం బెట్టి తీస్కపోదును."

"నీకు ఎరుకగాదు అవ్వా. నీలి గుండెకు ఎరుకైతది" అన్నది.

సీసను కొంగుల మూటగట్టుకున్న. గూడూరు పోయే జీపుల ఆమెనే ఎక్కించింది, అక్కడికెల్లి ఆటో దొరికింది.

దీపాలు పెట్టే యాళ్ళకు ఇల్లు చేరిన. శశికళ రొప్పుతున్న పిల్లను ఎత్తుకోని తొవ్వలనే నిలవడ్డది. సీస బాగ ఊపి, సిరంజిల గీత దాక గుంజి, చెంప లోపట చుక్క చుక్క పోసినం. కొంత సేపటికి రొప్పుడు తగ్గింది. పిల్ల తల్లి రొమ్ము పట్టి, నడుమ ఆగకుంట పాలు తాగింది.

"గింత ఆలస్యమెందుకైందవ్వా? నా పాణం నా చేతుల లేదు" అని శశికళ ఏడ్సింది.

"నీ బిడ్డ కోసం ఒకామె నా మాట ఇనలే" అన్న.